పాట దారి విడిచి తిరిగొచ్చేదాకా



ఒక బృందం వేదికెక్కింది. రికార్డులో నాలుగు నిమిషాలే ఉన్న పాటను ఇరవై నిమిషాలు వాయించింది. సగంలో మాటలు ఆగిపోయాయి. గిటారు తన దారిన తాను పోయింది, డ్రమ్ములు దాని వెంట నడిచాయి, కాసేపటికి మొదట విన్న పాట ఏదో కూడా మరుపున పడింది. ఉన్నట్టుండి పల్లవి మళ్లీ వినిపించింది, జనం లేచి నిలబడ్డారు. కచేరీ అయ్యాక బయటికొస్తూ ఒకాయన "ఏం వాయించారండీ!" అంటాడు. పక్కనున్నాయన "ఊరికే సాగదీశారు" అంటాడు. ఇద్దరూ విన్నది ఒకే పాట. వాళ్లలో ఎవరి మాట నిలుస్తుంది, దాన్ని ఏ లెక్కన తేల్చాలి అన్నదే ఈనాటి నా ప్రసంగం.

ఇలా వేదిక మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పాటను పెంచుకుపోయే బృందాలకు అమెరికాలో జామ్ బ్యాండ్‌లని పేరు. మన దేశంలోనూ ఆ తీరున వాయించేవాళ్లు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు బీదర్ కోటలో ఉత్సవం జరిగినా, ఏదైనా ఇంజనీరింగు కాలేజీలో వార్షికోత్సవం జరిగినా గిటారు, డ్రమ్ములు, కీబోర్డు ఉన్న బృందం వేదిక మీద ఉండాల్సిందే. వేదిక ముందు కూర్చున్న జనంలో కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు మాట్లాడేవాళ్లు కలిసే ఉంటారు. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. ఆ ఏడాది నవంబరు 1న బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ తాలూకాలు మైసూరు రాష్ట్రానికి పోయాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో కలిసి తెలుగువైపు ఉండిపోయాయి. మధ్యన సరిహద్దు వచ్చిందే గాని పెళ్లి సంబంధాలు ఆగలేదు, సంతలు ఆగలేదు, దర్గాలకూ మఠాలకూ మొక్కులు ఆగలేదు. పాటలు అసలే ఆగలేదు.

కొత్త బ్యాండును తూచడానికి తూకపు రాళ్లు మన చేతిలోనే ఉన్నాయని నా నమ్మకం. అవి బీదర్ ఊరి బయటే దొరుకుతాయి.

పట్నం దాటి అష్టూరు వైపు కొద్ది దూరం పోతే బహమనీ సుల్తానుల సమాధులు వరుసగా కనిపిస్తాయి. రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు తెచ్చిన అహ్మద్ షా 1436లో చనిపోయాడు. ముస్లింలు ఆయన్ను వలీ అంటారు, లింగాయతులు అల్లమ ప్రభువు అవతారమని మొక్కుతారు. అక్కడి ఉర్సు తేదీని హిందూ పంచాంగం లెక్కన పెడతారు. అందులో జంగమయ్యకు పెద్ద స్థానం ఉంది. ఇలాంటి ఉర్సుల్లో, అది బీదర్ అయినా కలబురగి బందేనవాజ్ దర్గా అయినా, కవ్వాలీ విన్నవాళ్లకు జామ్ బ్యాండు పద్ధతి కొత్తేమీ కాదు.

కవ్వాలీ బృందం కూర్చునే తీరు గమనించండి. ముందు పెద్ద గాయకుడు, ఆయన పక్కన హార్మోనియం, మరో పక్క జోడు గొంతు. వెనక ఢోలక్, దాని అటూ ఇటూ చప్పట్లు చరిచేవాళ్లు. పెద్దాయన ఒక షేర్‌లో మొదటి పాదం చదివి ఎడమచెయ్యి కొద్దిగా పైకెత్తుతాడు. చప్పట్లు ఆగిపోతాయి. ఢోలక్ వాయించే మనిషి అరచేతి మడమతో ఎడమ వైపు చర్మాన్ని నొక్కుతూ ఒక గంభీరమైన ధ్వని మాత్రం నిలుపుతాడు. హార్మోనియం ఒక్క స్వరం పట్టుకొని ఉంటుంది. రెండో పాదం ఏమై ఉంటుందా అని సభ అంతా ముందుకు వంగుతుంది. ఆ పాదం చివరి మాట పడగానే ఎనిమిది జతల చేతులు ఒక్కసారిగా కలుస్తాయి. ఎవరూ లెక్కపెట్టి చెప్పలేదు. పెద్దాయన వేలు చూసి, ఊపిరి చూసి పట్టుకున్నారు.

ఇక మూలపాటలో లేని షేర్‌నో, దోహానో, ఒక్కోసారి దక్కనీ మాటనో మధ్యలో తెచ్చి ముడివేస్తారు. దాన్ని గిరహ్ అంటారు. ఫారసీ పాట మధ్యకు హిందీ దోహా వస్తుంది, అక్కడినుంచి ఇంకెవరిదో గజల్ పాదం వస్తుంది. అరగంట తిరిగి మళ్లీ మొదటి పల్లవికే చేరతారు. నేను చెప్పే మొదటి తూకపు రాయి ఇదే. తిరిగొచ్చిన పల్లవి మొదట విన్నప్పటికంటే బరువెక్కిందా? మాటలు అవే, బాణీ అదే. కానీ మధ్యలో తిరిగిన దారి వల్ల ఆ మాటకు మొదట లేని అర్థం వచ్చిందా? వస్తే ఆ అరగంట దండగ కాలేదు. పల్లవి మొదట ఎలా ఉందో చివరా అలాగే ఉంటే మధ్యలోదంతా నిజంగానే సాగదీతే. అప్పుడు "సాగదీశారు" అన్న ఆయన మాటే నిలుస్తుంది.

కవ్వాలీలో మరో కట్టుబాటు ఉంది. వింటున్నవాళ్లలో ఎవరికైనా ఒక పాదం దగ్గర ఒళ్లు తెలియని స్థితి వస్తే, ఆ మనిషి కుదుటపడేదాకా గాయకుడు ఆ పాదాన్నే తిప్పి తిప్పి పాడాలి. ముందుకు పోకూడదు. అంటే పాట ఎంతసేపు సాగాలి అన్నది గాయకుడి చేతిలో సగమే ఉంది, తక్కిన సగం వినేవాడి చేతిలో ఉంది. హైదరాబాద్‌కు చెందిన కవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ సంప్రదాయాన్ని ఆయన మనుమలు ఇప్పటికీ నిలుపుతున్నారు. అలాంటి వాళ్ల కవ్వాలీకి వెళ్లినప్పుడు కాసేపు గాయకుల మీంచి చూపు తిప్పి సభను చూడండి. ఏ పాదం ఎందుకు ఐదోసారి వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

దూరం పోయి తిరిగి రావడం కవ్వాలీలోనే కాదు, వేరేచోటా ఉంది. హుమ్నాబాద్ దగ్గర మాణిక్‌నగర్ ఉంది. 1817లో పుట్టి 1865లో సమాధి పొందిన మాణిక్ ప్రభువు సంస్థానం అది. దత్త జయంతికి అక్కడ శాస్త్రీయ సంగీత సభలు జరుగుతాయి. హిందుస్థానీ గాయకుడు ఆలాపనలో ఎంత దూరం పోయినా తాళంలో మొదటి మాత్ర అయిన సమ్ మీదికి వచ్చి దిగినప్పుడు సభలో తలలన్నీ ఒక్కసారి ఊగుతాయి. అక్షరం రానివాళ్ల తల కూడా ఊగుతుంది. జహీరాబాద్, నారాయణఖేడ్ పల్లెల్లో హార్మోనియం, తాళాలతో రాత్రంతా సాగే భజనల్లో పెరిగినవాళ్లకు ఆ చోటు ఎక్కడ వస్తుందో ఒంటికే తెలుసు. అందుకే "మాకు ఈ ఇంగ్లీషు బ్యాండ్లు అర్థం కావండీ" అనే పెద్దవాళ్లతో నేను ఒప్పుకోను. వాళ్లకు అర్థమవుతుంది. ఆ బ్యాండ్లలో పిల్లలు వాయిస్తున్నది బాగోకపోతే అది కూడా వాళ్లకే ముందు అర్థమవుతుంది.

ఇక అమెరికా సంగతి. జామ్ బ్యాండులకు పెద్దదిక్కు గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలో పుట్టింది. దాని గిటారిస్టు జెర్రీ గార్సియా 1995లో చనిపోయేదాకా ముప్పై ఏళ్లలో 2,300కు పైగా కచేరీలు చేసింది. 'డార్క్ స్టార్' అనే పాట స్టూడియో రికార్డు 1968లో వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది వచ్చిన 'లైవ్ డెడ్' ఆల్బంలో అదే పాట ఇరవైమూడు నిమిషాలు నడిచింది. ఆ బృందంలో ఇద్దరు డ్రమ్మర్లు. వాళ్లలో మిక్కీ హార్ట్ మన తబలా విద్వాంసుడు ఉస్తాద్ అల్లారఖా దగ్గర తాళపు లెక్కలు నేర్చుకున్నాడు. పదకొండు మాత్రల మీద నడిచే 'ది ఎలెవెన్' అనే పాట ఆ రోజుల్లోదే. తర్వాత అల్లారఖా కొడుకు జాకిర్ హుస్సేన్, ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ మిక్కీ హార్ట్‌తో కలిసి 1991లో 'ప్లానెట్ డ్రమ్' ఆల్బంలో వాయించారు. ప్రపంచ సంగీత విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ దానికే వచ్చింది. కాబట్టి ఆ బృందాలు మనకు మరీ పరాయివేం కావు. మన తాళం అక్కడికి పోయి పని చేసింది.

గ్రేట్‌ఫుల్ డెడ్ గురించి దాని వీరాభిమానులే ఒక నిజం చెబుతారు. ఎన్నో రాత్రులు వాళ్లు బాగా వాయించలేదు. శ్రుతి తప్పారు, మాటలు మరిచారు, ఎటూ తేలని చోట పది నిమిషాలు తచ్చాడారు. అయినా జనం మర్నాడు మళ్లీ వచ్చారు. ముందే రాసుకొని వాయించని సంగీతంలో చెడిపోయే రాత్రి ఉండి తీరుతుంది. ఏ రాత్రీ చెడిపోని బృందం అప్పటికప్పుడు అల్లుతున్నానని చెబితే నమ్మకండి. అది ఇంటి దగ్గర బట్టీపట్టి వచ్చింది.

బృందంలో ఒకరి మాట ఒకరు వింటున్నారా అన్నది నా రెండో తూకపు రాయి. మన దగ్గర చాలా కచేరీల్లో జరిగేది చూడండి. గిటారిస్టు తన వంతు వాయిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. తర్వాత కీబోర్డు, తర్వాత డ్రమ్ములు, రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడ్డట్టు ఒకరి వెనక ఒకరు. ఒకరు వాయిస్తుంటే తక్కినవాళ్లు నీళ్లు తాగుతుంటారు. చేతులు బాగా తిరిగినవాళ్లే అయినా దాన్ని జామ్ అనలేం. గిటారు ఒక సంగతి వేస్తే రెండు ఆవర్తాల తర్వాత అదే సంగతి కీబోర్డులో మారి వినిపించాలి. బాస్ గిటారు ఒక స్వరం కిందికి దిగితే పైన రాగచ్ఛాయ మొత్తం మారాలి, గాయకుడు దాన్ని పట్టుకోవాలి. ఇది చెవికి అందకపోతే కళ్లతో చూడండి. డ్రమ్మరు ఎవరి చేతుల వంక చూస్తున్నాడు? ఎవరు ఆగి ఎవరికి చోటిచ్చారు? నా మటుకు నేను కచేరీలో డ్రమ్మరు ముఖాన్నే ఎక్కువసేపు చూస్తాను.

ఇందులో మన తెలుగువాడు చూపించిన దారి ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఇంగ్లండుకు చెందిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో దేశదేశాలు తిరిగాడు. 'ది బిలీవర్' అనే ఆల్బం వాళ్ల ప్రత్యక్ష కచేరీల నుంచి తీసిందే. దొరికితే వినండి. మెక్‌లాఫ్లిన్ వేళ్లు పరుగెత్తే మనిషి. శ్రీనివాస్ అంతకు తగ్గ వేగం ఉన్నవాడే. అయినా నన్ను ఆపేది ఆ వేగం కాదు, వేగం మధ్యలో ఒక్క స్వరాన్ని పట్టి గమకంతో ఊపుతూ నిలిపిన చోట్లు. కర్ణాటక సంగీతంలో చిన్ననాటినుంచి మునిగినవాడు గిటారు భాషకు లొంగకుండా, దానితో పోట్లాడకుండా, తన మాటలో తాను బదులు చెప్పాడు. 2014 సెప్టెంబరులో, నలభైఐదేళ్ల వయసులో, పోయాడు. ఇంకా ఎంత వాయించేవాడో అన్న బాధ నాకు ఈనాటికీ తీరదు.

ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్ బృందాన్ని కూడా ఇక్కడ తలుచుకోవాలి. సుస్మిత్ సేన్ గిటారు, రాహుల్ రామ్ బాస్, అమిత్ కిలం డ్రమ్ములు. అసీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూ తానే పాడేవాడు. 1997లో వచ్చిన వాళ్ల 'డిజర్ట్ రెయిన్' ఆల్బం స్టూడియోలో పుట్టలేదు. ఆ కొత్త సంవత్సరం రోజున ఢిల్లీలో సహ్మత్ సంస్థ జరిపిన సభలో వాయించిందే రికార్డుగా వచ్చింది. ఒక చిన్న పదబంధాన్ని పట్టుకొని పదే పదే తిప్పడం వాళ్ల పద్ధతి. వినేవాడికి మొదట విసుగు పుడుతుంది. నాలుగైదు ఆవర్తాలయ్యాక తబలా మెల్లగా నడక మారుస్తుంది, అదే పదబంధం ఇంకో ఒంపుతో కనిపిస్తుంది. ఒకే మాటను తిప్పడంలోనే కదలిక ఉండటం కవ్వాలీ విన్న చెవికి తెలిసిన సంగతే. అసీమ్ 2009 డిసెంబరు 25న చనిపోయాడు. 2013లో సుస్మిత్ సేన్ బృందం విడిచాడు. బృందం ఇప్పటికీ వాయిస్తున్నా ఆ నలుగురి రాత్రులు ఆ రికార్డుల్లోనే మిగిలాయి.

జనాన్ని మోసగించే మార్గం ఒకటుంది, అది వేగం. పాట చివర లయను రెండింతలు చేసి, డ్రమ్ములు గట్టిగా మోగించి, లైట్లు మినుకుమినుకుమనిపిస్తే ఏ ఊళ్లోనైనా చప్పట్లు వస్తాయి. భజనలోనూ చివరికి లయ పెరుగుతుంది, కవ్వాలీలోనూ పెరుగుతుంది. కానీ అక్కడ గంటసేపు కూడబెట్టిన ఆవేశం ఆ వేగంగా బయటపడుతుంది. కూడబెట్టకుండానే ఖర్చుపెట్టే బృందాలు ఎక్కువైపోయాయి. నా మాట అడిగితే, చప్పట్ల మోతను చూసి కచేరీకి మార్కులు వెయ్యకండి. పాట బాగా మెల్లగా నడిచే చోట, ఇద్దరే వాయిస్తూ తక్కినవాళ్లు ఆగిన చోట, సభ నిశ్శబ్దంగా ఉందా లేదా చూడండి. ఆ బృందం సత్తా అక్కడ తేలుతుంది.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. కోటలాంటి బయలు ప్రదేశంలో వేదిక ముందున్న పెద్ద స్పీకర్ల దగ్గర నిలబడితే బాస్ తప్ప ఏమీ వినపడదు, గొంతు మునిగిపోతుంది. ధ్వనిని సర్దే మిక్సర్ బల్ల సభ మధ్యలో ఉంటుంది. ఆ మనిషి ఏది వింటే అదే మీకూ వినిపించాలంటే ఆ బల్ల వెనక చేరండి. గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లో టేపు రికార్డర్లు తెచ్చుకునే శ్రోతలకు ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఆ చోటు సరిగ్గా మిక్సర్ వెనకే.

ఫోనులో తీసిన వీడియో చూసి కచేరీ మీద తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం. ఫోను శబ్దాన్ని తనంతట తానే సర్దుతుంది. మెల్లగా ఉన్నచోట పెంచుతుంది, గట్టిగా ఉన్నచోట తగ్గిస్తుంది. పాట పెరగడం, తగ్గడం అన్న ప్రాణమే అందులో పోతుంది. ఇరవై నిమిషాల అల్లికలోంచి కోసిన ముప్పై సెకన్ల ముక్క చూసి "బాగుంది", "బాగాలేదు" అనేవాళ్లు పాటలో చివరి మెట్టును మాత్రమే చూశారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఒక రాత్రి కచేరీ బాగుందని గట్టిగా చెప్పాలంటే అదే బృందం వేరే రాత్రి ఎలా వాయించిందో తెలియాలి. గ్రేట్‌ఫుల్ డెడ్ శ్రోతలకు ఆ వీలు ఉంది. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ పాట ఎంతసేపు వాయించారో రాసుకున్నారు, టేపులు చేసి ఒకరికొకరు ఉచితంగా ఇచ్చుకున్నారు. బృందం అడ్డు చెప్పలేదు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్‌లో జరిగిన కచేరీని వాళ్లలో చాలామంది ఉత్తమమైన వాటిలో ఒకటిగా లెక్కేస్తారు. ఆ రాత్రి రెండు పాటలను కలిపి ఇరవైఐదు నిమిషాలకు పైగా వాయించిన ఘట్టం గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. బెట్టీ కాంటర్ అనే ఆవిడ బృందంతో తిరుగుతూ ఎన్నో కచేరీలను రికార్డు చేసింది, ఈ కచేరీని కూడా ఆవిడే చేసింది. గోదాము అద్దె కట్టలేకపోవడంతో ఆవిడ టేపులు 1986లో వేలానికి పోయాయి. కొన్నవాళ్లలో ఉన్న అభిమానులు వాటిని బాగుచేసి అందరికీ చేర్చారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ కచేరీని 2011 జాబితాలో భాగంగా జాతీయ రికార్డుల పట్టికలో చేర్చింది. ఒక కాలేజీ వ్యాయామశాలలో ఒక రాత్రి వాయించిన పాటలకు అంత గౌరవం దక్కింది, ఎవరో టేపు దాచారు కాబట్టి.

మన వైపు చూడండి. అష్టూరు ఉర్సులో, మాణిక్‌నగర్ సభలో, మన పల్లెల భజనల్లో ఎన్ని గొప్ప రాత్రులు గడిచి ఉంటాయి? ఫలానా కవ్వాల్ ఆ ఏడాది ఎలా పాడాడో చెప్పే తాతలు వెళ్లిపోతున్నారు. చెప్పడానికి వాళ్లు, వినిపించడానికి టేపు, రెండూ లేకపోతే రేపటి కుర్రాడు దేనితో పోల్చుకొని తన బృందాన్ని దిద్దుకుంటాడు?

అందుకని బీదర్, భాల్కి, హుమ్నాబాద్, జహీరాబాద్, నారాయణఖేడ్ శ్రోతలను ఒకటే కోరుతున్నాను. 1980ల్లో, 90ల్లో టేపు రికార్డరు పెట్టి కవ్వాలీలు, భజనలు, కచేరీలు రికార్డు చేసుకున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ క్యాసెట్లు అటక మీదో, ఇనప్పెట్టెలోనో ఉంటాయి. బూజు పట్టిన క్యాసెట్‌ను వెంటనే పాత ప్లేయర్‌లో పెట్టకండి, టేపు తెగిపోతుంది. పనితెలిసిన మనిషికి చూపించి శుభ్రం చేయించి, కంప్యూటర్లోకి ఎక్కించండి. ఏ ఊరు, ఏ ఏడాది, ఎవరు పాడారు, ఢోలక్ ఎవరిది, హార్మోనియం ఎవరిది, గుర్తున్నంత వరకు రాసి దానితో పాటే ఉంచండి. పాడినవాళ్లు ఉంటే వాళ్లను, లేకపోతే వాళ్ల పిల్లలను అడిగి, వాళ్లు సరే అంటేనే నలుగురికీ వినిపించండి. ఉత్సవాలు జరిపే కమిటీల పెద్దలకు కూడా ఇదే నా విన్నపం. వేదికకు, లైట్లకు పెట్టే ఖర్చులో కొంత తీసి మిక్సర్ నుంచి నేరుగా పూర్తి కచేరీని రికార్డు చేయించండి, కళాకారుల అనుమతితో ఊరి గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టించండి. వచ్చే ఉత్సవానికి మీలో ఎవరైనా వెళ్తే, ఇంటికొచ్చి పడుకునేలోపు ఒక కాగితం మీద తేదీ వేసి, విన్న పాటల పేర్లు, బాగున్న చోటు, బాగాలేని చోటు రాసి పెట్టండి.